ఆబిడ్సులోని అగియారీ



నాంపల్లి స్టేషనులో బండి దిగి ఆబిడ్సు దారి పట్టినవారిలో, ఆ పేట పేరు ఒక వర్తకుని పేరని యెరిగినవారు కొలదిమందియే యుందురు. ఆరవ నిజామైన మహబూబ్ అలీ ఖాను కొలువున ఆంతరంగిక సేవకుడై, ప్రభువు చల్లని చూపు వలన ఇచట అంగడి నెలకొల్పిన ఆల్బర్టు ఆబిద్, ఆర్మేనియాకు చెందిన యూదుడని నగరచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. అంగడి పోయినది, పేరు మిగిలినది. కాని ఆ పేరు వెనుక ఒక సంఘము నిలువలేదు. ఒకడు ప్రభువునకు ఇష్టుడగుట వేరు, పరదేశమునుండి వచ్చిన ఒక సమాజము నగరమున తలయెత్తుకొని బ్రదుకుట వేరు. ఆ రెండవదానిని చూడగోరువారు అదే పేటలో, నేడు తిలక్ రోడ్డనబడు వీథిలోని పారసీకుల అగియారీని, అనగా అగ్నిమందిరమును, చూడవలెను.

ఇరానును అరబ్బులు జయించిన పిదప స్వధర్మరక్షణార్థము గుజరాతు తీరము చేరిన పారసీకుల సంతతిలో, తారాపురమునకు చెందిన విక్కాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ అను సోదరులు, పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున దక్కనునకు వచ్చి, బీరారు పత్తిని బొంబాయికి పంపి, మంత్రి చందూలాలు కాలమున నిజాము సర్కారునకే అప్పులిచ్చు షావుకార్లైరి. ఔరంగాబాదు టంకశాలనుండి వెలువడిన రూపాయికి ‘పెస్తన్‌షాహి’ యను పేరే వచ్చినదన్న, వారి పలుకుబడి యెంతటిదో ఊహింపవచ్చును. బాకీకి హామీగా బీరారు జిల్లాల రాబడి వారి చేతిలో నుండెను. 1843లో చందూలాలు పదవి విడిచెను; సర్కారు జిల్లాలను మరల తీసికొనెను; ఇంగ్లీషువారికి పెట్టుకొన్న మొర ఫలింపలేదు; వారి వడ్డీవ్యాపారపు కోఠీ కూలిపోయెను. ఇంతటి యాపద ముసురుకొనిన దినములలోనే, 1847లో, సికిందరాబాదున ఆ సోదరుల పేర అగ్నిమందిరము వెలసెను. ఈ చరిత్రలో నన్ను మిక్కిలి కదిలించు ఘట్టమిది. సర్కారు మాట మీద నిలిచిన కోఠీ పోయినది. సంఘమునకు అప్పగించిన గుడి నేటికిని ఉన్నది.

ఆబిడ్సు అగియారీ 1904 నాటిది. మానెక్‌బాయి నస్సర్వాన్‌జీ చెనాయ్ పేర వెలసినది. పరమతస్థులకు లోనికి ప్రవేశము లేదు. లోపల, తెల్లని వస్త్రములు ధరించి, తన శ్వాస అగ్నికి సోకకుండ నోటికి పలుచని గుడ్డ కట్టుకొన్న పురోహితుడు, మొబెద్, దినమునందలి అయిదు వేళలను అనుసరించి గంధపుచెక్కలతో అగ్నిని పోషించును. ఆ గంధపుచెక్క యెవరు కొనవలెను, మొబెద్ జీతమెవరు ఇయ్యవలెను, అనాథయైన వృద్ధుని యెవరు చూడవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనుటకే పారసీకుల సంఘమైన అంజుమన్ కలదు. నాయకత్వమనునది నా దృష్టిలో ఈ చిట్టాపద్దులనుండియే పుట్టును. ఇంటిని ఇట్లు చక్కబెట్టుకొన్న సమాజము గనుకనే సర్ ఫరీదూన్‌జీ జంషెడ్‌జీ వంటివానిని రాజ్యమునకు ఈయగలిగినది. మంత్రి సాలార్జంగు కార్యదర్శిగా పనిచేసి, ఫరీదూన్ ఉల్ ముల్క్ అను బిరుదుతో కార్యనిర్వాహక మండలి అధ్యక్షపీఠము వరకు ఎదిగినను, ఆయన తన మతమును దాచుకొనవలసిన పని లేకపోయెను. 

ఇదంతయు మనకేల యని తెలుగు శ్రోతలు అడుగవచ్చును. తెలుగువారును ఇట్లే సంఘము కట్టుకొని నిలువవలసివచ్చెను. 1921లో ఈ నగరముననే, వివేకవర్ధిని విద్యాలయములో జరిగిన సంఘసంస్కార సభలో, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభలోనివారు గేలిచేసిరి. తమ రాజధానిలో తామే పరదేశులైన ఆ రాత్రి తెలుగువారు ఆంధ్రజన సంఘమును స్థాపించుకొనిరి. అంతకు మూడేండ్ల ముందే, 1918లో, ఆబిడ్సులో రాజబహదూర్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టలును నెలకొల్పెను. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు, అగియారీ యున్న ఆ తిలక్ రోడ్డుననే తన భవనమును కట్టుకొనినది.

2001లో దేశమందు 69,601 మందియైన పారసీకులు 2011 నాటికి 57,264 మందికి తగ్గిరి. హైదరాబాదు పారసీక కుటుంబముల యిండ్లలో తాతలనాటి గుజరాతీ చిట్టాలు, ఫారసీ సనదులు ఏవైన మిగిలియున్నచో, ఆ లిపులు చదువగల పెద్దలు జీవించియుండగనే వానిని పట్టికవేసి తెలుగు చేయించుట అవసరము. ఆ పనికి అంజుమన్‌తో చేయికలుపవలసినది ఆ వీథిలోనే యున్న పరిషత్తు.