కాలిక్యులేటర్ లేకుండా గుణకారం: ట్రిక్ వెనక లాజిక్ ఇదే!

ఫోన్ చేతిలోనే ఉంచుకోండి, కాలిక్యులేటర్ యాప్ మాత్రం ఓపెన్ చేయొద్దు.

ఎందుకంటారా? 2024 ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్ తీసుకోండి. మ్యాథ్స్‌లో 35 ప్రశ్నలు, టైమ్ 20 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకి సుమారు 34 సెకన్లు. తప్పు పెడితే పావు మార్కు కోత. ప్రశ్న చదవడానికే కొంత టైమ్ పోతుంది. ఇక నిలువుగా గుణకారం వేస్తూ కూర్చుంటే ఎలా?

మొదటిది, 100కి దగ్గర్లో ఉన్న నంబర్లు. 97 × 94 ఎంత? 100కి 97 మూడు తక్కువ, 94 ఆరు తక్కువ. 97లోంచి 6 తీసేయండి, 91. మూడు ఆర్లు 18. పక్కపక్కన పెట్టండి: 9118. అయిపోయింది!

ఇది మ్యాజిక్ కాదండీ. 97ని 100తో గుణిస్తే 9700. మనకి కావాల్సింది 94 సార్లే కాబట్టి, ఆరు 97లు తీసేయాలి. ఆరు 97లు అంటే 600కి 18 తక్కువ. సో, 9700 − 600 + 18. అదే 9118.

లాజిక్ ఎందుకు తెలియాలంటే, 88 × 87 వచ్చినప్పుడు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 88 − 13 = 75, 12 × 13 = 156. పక్కపక్కన పెట్టి 75156 అనేస్తారు! 75 అంటే ఇక్కడ 7500. దానికి 156 కలపాలి. ఆన్సర్ 7656. అలాగే 98 × 99లో చివర 2 కాదు, 02. ఆన్సర్ 9702.

రెండోది, 48 × 52. రెండింటికీ సరిగ్గా మధ్యలో 50 ఉంది. 50 వర్గం 2500, దూరం 2 కాబట్టి 2 వర్గం 4 తీసేయండి. 2496. 65 వర్గం కావాలా? 60 × 70 = 4200, దానికి 5 వర్గం 25 కలపండి. 4225. గమనించారా? రెండూ ఒకటే సూత్రం, వెనక్కి తిప్పామంతే. స్కూల్లో చదివిన a² − b² ఇదే.

మరి 67 × 38 లాంటి నంబర్లు వస్తే? ట్రిక్ వెతకొద్దు. 67 × 40 = 2680, అందులోంచి రెండు 67లు, 134 తీసేస్తే 2546.

చివరగా చెకింగ్. అంకెలు కలపండి: 67 అంటే 13, అంటే 4. 38 అంటే 11, అంటే 2. నాలుగు రెళ్ళు 8. ఆన్సర్ 2546 అంకెలు కలిపితే 17, అంటే 8. మ్యాచ్ అయింది! కానీ జాగ్రత్త, 2456 కలిపినా 8 వస్తుంది. కలవకపోతే ఆన్సర్ కచ్చితంగా తప్పు; కలిసినంత మాత్రాన కరెక్ట్ అని కాదు. అందుకే అంచనా కూడా చూసుకోండి. 2680లోంచి 134 తీస్తే 2400ల్లోకి దిగదు కదా!

ఇప్పుడు మీ వంతు. 96 × 93, 43 × 57, 85 వర్గం. వీడియో పాజ్ చేసి, నోటితోనే చేయండి. ఆన్సర్లు: 8928, 2451, 7225. రోజూ పది లెక్కలు, నెల రోజులు చేసి చూడండి. ఉంటాను మరి, బై!