నిరసనకు ఎల్ల



1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమును నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు విడిచి రామనగరమున పాకలలో నివసించిరి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు 58 దినముల నిరాహారదీక్షతో అసువులు బాసిరి. ఉభయులును బాధను తామే మోసిరి. శ్రీరాములుగారి మరణవార్తతో కొందరు రైల్వే ఆస్తిని ధ్వంసము చేసిరి. పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి.

కష్టమును తాను భరించునంతవరకే నిరసన. పరులపై మోపినచో విధ్వంసము. పోలీసువారు రాయి విసరిన చేతిని పట్టవలెను గాని, ప్రక్కన నినదించు గొంతును కాదు. ముందు హెచ్చరిక, పిదప చెదరగొట్టుట. ప్రాణరక్షణకు వేరు దారి లేనప్పుడే తుపాకి. కాలిన రైలుపెట్టె వెలను మనమే పన్నులుగా చెల్లింతుము. పోయిన ప్రాణమును ఎవరు తేగలరు?