వృద్ధాశ్రమంలో రక్తం పలచబరిచే మాత్ర

గుండె లయ తప్పినవారికి, కృత్రిమ కవాటం అమర్చినవారికి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రలు ఇస్తారు. మోతాదు చాలకపోతే పక్షవాతం భయం, ఎక్కువైతే రక్తస్రావం భయం. అందుకే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి. గుండె లయ తప్పినవారిలో చాలామందికి అది 2కు, 3కు మధ్య ఉండాలి. కొన్ని కవాటాలకు కాస్త ఎక్కువే కావాలి.

వృద్ధాశ్రమాల్లో చిక్కేమిటంటే, మాత్ర ఇచ్చేది ఒకరు, వండేది ఇంకొకరు, రిపోర్టు చూసేది మరొకరు. అలవాటు లేకుండా వారమంతా తోటకూర పప్పు, పాలకూర పెడితే వాటిలోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది. ఆకుకూరలు మానక్కర్లేదు, ప్రతివారం ఇంచుమించు ఒకే పాళ్లలో పెడితే చాలు. విరేచనాలకని మెట్రోనిడజోల్ వేస్తే ఐఎన్ఆర్ పెరుగుతుంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ కడుపులో రక్తస్రావం తేవచ్చు.

అందుకని ప్రతి తాతగారికీ, మామ్మగారికీ ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఐఎన్ఆర్, మాత్ర ఒకటా, సగమా, మళ్లీ పరీక్ష ఎప్పుడు అన్నవి రాయండి. కొత్త మందు మొదలైతే డాక్టరును అడిగి, కొద్ది రోజుల్లోనే పరీక్ష చేయించండి. ఒక పూట మరిచారని మర్నాడు రెండు మాత్రలు వేయకండి. అపిక్సబాన్ వంటి కొత్త మందులకు మామూలుగా ఐఎన్ఆర్ అక్కర్లేదు గానీ, మూత్రపిండాల పనితీరు చూస్తూ ఉండాలి.

చిగుళ్ల నుంచి రక్తం, తారులాంటి నల్లటి విరేచనం, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. కిందపడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.