అకాలయౌవనము: తల్లిదండ్రుల విధి



ఏడవయేటనే కుమార్తె దేహమున యౌవనచిహ్నములు పొడసూపిన తల్లి యెవరితో జెప్పుకొనును? ఇరుగుపొరుగువారు దిష్టి యందురు. ఋతుస్రావమే యైనచో పెద్దలు సమర్తపందిరికి ముహూర్తము వెదకుదురు. వైద్యునికి జూపుమనువా రరుదు.

ఎనిమిదేండ్లు నిండకమున్నే స్తనోద్గమము కలిగినచో బాలికను పరీక్షింపవలయునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మెదడునందలి హైపోథాలమస్ వేళకుముందే మేల్కొని, పిట్యూటరీ గ్రంథి ద్వారా అండాశయములను ప్రేరేపించుట దీనికి ముఖ్యకారణము. పెక్కుమంది బాలికలలో వేరురోగ మేదియు గానరాదు. ఏ కొందరిలోనో మెదడున కంతి యుండవచ్చును. స్థూలకాయమునకును ఈ త్వరకును సంబంధము కలదు. ఎడమచేతి ఎక్స్‌రేవలన ఎముకల వయస్సు తెలియును. ఎముకల పెరుగుదల ముందే ముగిసినచో, నేడు తోటివారికంటె పొడవైన పిల్ల రేపు పొట్టిదిగా నిలిచిపోవును. అందరికిని చికిత్స యక్కరలేదు. అవసరమైనవారికి నెలకో, మూడునెలలకో సూదిమందిచ్చి యీ వేగము నాపవచ్చును. మందు మానినపిమ్మట యౌవనము మరల సాగును.

దేహము త్వరపడినను మనస్సు త్వరపడదు. ఆమె యింకను పసిబిడ్డయే. 1929 నాటి శారదాచట్టము బాలికల వివాహవయస్సు 14 ఏండ్లని విధించెను. 1978లో అది 18కి పెరిగెను. రజస్వల యగుటయే పెండ్లియీడను మాటను శాసనము త్రోసివేసినది. మన యిండ్లలో మాత్రము ఫ్లెక్సీలు గట్టి ఊరికి చాటుట మానలేదు.

పందిరికి ముందు వైద్యశాలకు గొనిపొండు. బడి మాన్పింపకుడు. తనయందు దోష మేమియు లేదని బిడ్డకు మెల్లగా జెప్పుడు. ఇది తల్లి యొక్కతెయే మోయవలసిన భారము గాదు. తండ్రియు వెంట నడువవలయును.