పిల్లను అప్పగించే ముందు ఒక పేజీ



ఏదో ఒక చట్టం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఎంచుకున్న విషయం చూడ్డానికి చిన్నది. పత్తి తీతల్లో, మిర్చి కోతల్లో తల్లి కూలికి వెళ్తూ పసిబిడ్డను పక్కింట్లో దించి వెళ్తుంది. ఏడాది పొడుగునా ఉండే ఏర్పాటు కాదిది. సీజన్‌లో కొన్ని వారాలు, అదీ పని దొరికిన రోజుల్లోనే. ఈ అప్పగింతకు కాగితం అవసరమా, అవసరమైతే అందులో ఏం రాసుకోవాలి అన్నదే నా ప్రసంగం.

కాగితం మన ప్రాంతానికి కొత్త కాదు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రోనోటు ఎరగని ఇల్లుండదు. రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టడం, కొంత కట్టినప్పుడు నోటు వెనక చెల్లు రాయించడం, మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకోవడం అక్షరం రాని వాళ్లకూ తెలుసు. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు వెళ్తే కాటా చీటీ చేతికొచ్చేదాకా రైతు కదలడు. అదే రైతు కౌలు దగ్గరికొచ్చేసరికి నోటిమాటతో సరిపెట్టుకుంటాడు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలలకు కాగితం రాసుకోండి, భూమి హక్కుకు ఏ ఢోకా ఉండదు అని ప్రభుత్వం చెప్పినా, సంతకం పెట్టడానికి భూ యజమానులు జంకుతూనే ఉన్నారు. కాగితం లేని కౌలుదారుకు బ్యాంకులో ఏం జరుగుతుందో, పంట పోయిన ఏడు ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

భూమికి, డబ్బుకు, సరుకుకు కాగితం విలువ ఇంతగా తెలిసిన మనం రెండేళ్ల పిల్లను రోజుకు పదకొండు గంటలు ఇంకొకరి ఇంట్లో ఉంచేటప్పుడు ఏం చేస్తున్నాం? “పిన్నీ, కాస్త పాపను చూస్తుంటావా?” అంటే “దానికేముందే, వదిలెళ్లు” అంటుంది. ఒప్పందం అక్కడితో పూర్తయింది.

అసలు పక్కింటి దాకా ఎందుకు వెళ్లాల్సొస్తోంది? అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975 అక్టోబరు 2న మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఆట పాటల బడి మూడేళ్లు నిండిన వాళ్లకు. మూడేళ్ల లోపు బిడ్డకు ఇచ్చేది ఇంటికి తీసుకెళ్లే సరుకులు. పైగా కేంద్రం తెరిచేది తొమ్మిదింటికి. కూలీల ఆటో సెంటర్లో నుంచి ఆరున్నర, ఏడింటికే కదిలిపోతుంది. చట్టం చూద్దామా అంటే అది తలకాయలు లెక్కపెడుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి ఆడవాళ్లుంటే శిశు సంరక్షణ గది పెట్టమంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు యాభై మంది ఉద్యోగులుంటే క్రెష్ తప్పనిసరి అన్నారు. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ కూడా ఆ యాభై దగ్గరే ఆగింది. జిన్నింగ్ మిల్లు, కోల్డ్ స్టోరేజీ ఈ లెక్కలోకి వస్తాయేమో గానీ, పదిహేను మంది ఆడవాళ్లు దిగే మిర్చి చేను ఏ లెక్కలోకీ రాదు. 2005 ఉపాధి హామీ చట్టం ఒక్కటే కాస్త తెలివిగా ఆలోచించింది. పని చోట ఐదుగురు చిన్నపిల్లలుంటే వచ్చిన ఆడవాళ్లలో ఒకరిని వాళ్లను చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకూ అందరితో సమానంగా కూలి ఇవ్వాలి అని అందులో రాశారు. పిల్లల్ని చూడటం కూలి ఇవ్వాల్సిన పని అని చట్టం ఒప్పుకున్న చోటు అది. ప్రైవేటు చేనుకు ఆ రూలు వర్తించదు.

వలస తల్లుల పరిస్థితి ఇంకా కష్టం. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు మన చేలకు వస్తాయి. బడి వయసు పిల్లల కోసం అక్కడ సీజనల్ హాస్టళ్లున్నాయి. పాలు తాగే బిడ్డ మాత్రం తల్లి చంకనెక్కి వస్తుంది. ఆ తల్లికి ఇక్కడ పిన్నీ లేదు, అమ్మమ్మా లేదు. గుడారం పక్కన తెలిసీ తెలియని మనిషి దగ్గర బిడ్డను దించి చేలోకి దిగుతుంది. కాగితం అవసరం అందరికంటే ఆమెకే ఎక్కువ.

ఇక మన అభ్యంతరం. “అయినవాళ్ల దగ్గర కాగితమేంటండీ, సిగ్గుచేటు” అంటారు. కాగితం లేక ఎక్కువ నష్టపోయేది బిడ్డను చూసే మనిషే. మిర్చి ధర పడిపోయిందని నెల డబ్బు వాయిదా పడుతుంది, ఆమె అడగలేదు. వాన పడి కోత ఆగిన నాలుగు రోజులకు లెక్క తేలదు. ట్రాక్టరు ఆలస్యమై తల్లి రాత్రి ఎనిమిదింటికి వస్తే, ఆ రెండు గంటలు ఎవరి ఖాతాలోనూ పడవు. బిడ్డకు జ్వరమొస్తే మాత్రం మొదటి వేలు ఆమె వైపే లేస్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షను ప్రకారం, బిడ్డ ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లు కావాలని నిర్లక్ష్యం చేసి బాధ పెడితే మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మీ మధ్య కాగితం ఉందా లేదా అని ఆ సెక్షను అడగదు. బాధ్యత ఎలాగూ నెత్తిన పడేదే అయినప్పుడు, ఆ బాధ్యత ఎంతో, ఎప్పటిదాకానో రాసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది?

ఇప్పుడు ఆ పేజీలో ఏముండాలో చెబుతాను. వకీలు భాష అక్కర్లేదు. మొదట రోజులు, వేళలు: “ఫిబ్రవరి 3 నుంచి మార్చి 20 దాకా, కోతకు వెళ్లే రోజుల్లో, పొద్దున ఆరున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా మా పాపను మీ ఇంట్లో ఉంచుతాను” అని రాస్తే చాలు. తర్వాత డబ్బు: రోజుకెంత, వారానికి ఏ రోజు ఇవ్వాలి, పని ఆగిన రోజు ముందు రాత్రే చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత, ఆలస్యమైతే గంటకెంత. పాలు, బువ్వ ఎవరివో కూడా రాయాలి. చాలా గొడవలు పాల ప్యాకెట్ దగ్గరే మొదలవుతాయి.

మూడోది ఆరోగ్యం. బిడ్డ వయసు, పడని తిండి, పడని మందు, టీకాల కార్డు ఎక్కడుందో రాయాలి. జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోను చేయాలి, వాళ్లు ఎత్తకపోతే ఎవరికి, ఎవరూ ఎత్తకపోతే 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఆమెకు తల్లి అనుమతి ఉన్నట్టు ఒక వాక్యం ఉండాలి. చేలో ఫోను సంచిలో ఉంటుంది, సంచి గట్టు మీద ఉంటుంది. అందుకే మేస్త్రి నంబరు కూడా రాయమంటాను.

నాలుగోది ఇల్లు. మన పల్లెల్లో దీనికి ప్రత్యేకంగా రెండు పంక్తులు కావాలి. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు కూల్ డ్రింక్ సీసాలో పోసి మంచం కింద పెట్టే అలవాటు మనకుంది. పాకే బిడ్డకు అది తాగే సీసాయే. మందు సీసాలు, డబ్బాలు బిడ్డ తిరిగే ఇంట్లో ఉండకూడదని రాయండి, రాసే ముందు ఒకసారి ఇల్లంతా తిరిగి చూడండి. నీళ్ల తొట్టికి మూత ఉందో లేదో, మోటారు తీగ నేల మీద పడి ఉందేమో చూడండి. రెండోది మిర్చి. బిడ్డను చూసే ఆవిడ ఇంట్లో కూర్చుని తొడిమలు తీసే పనికి ఒప్పుకుని ఉంటుంది. కాయ ముట్టిన చేత్తో పసిదాని మొహం తుడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. బిడ్డ ఉన్న వేళల్లో ఆ గదిలో తొడిమల పని పెట్టనని ఆమె రాసివ్వాలి. అందుకు ఆమె కోల్పోయే కూలి తల్లి ఇచ్చే డబ్బులో కలిసి రావాలి. ఎంతమంది బిడ్డల్ని చూస్తుందో కూడా రాయాలి. ఇంగ్లండులో ఇంట్లో పిల్లల్ని చూసే మనిషి దగ్గర ఐదేళ్ల లోపు వాళ్లు మామూలుగా ముగ్గురికి మించకూడదు. మన ఇరుకు ఇళ్లకూ ఆ లెక్క సరిపోతుంది.

ఐదోది, బిడ్డను తిరిగి ఎవరికి అప్పగించాలి. పేర్లు రాయాలి. ఇది నోటితో చెప్పడానికి ఇబ్బందైన విషయం కాబట్టే కాగితం మీద ఉండాలి. సాయంత్రం తండ్రి తాగి వచ్చి బిడ్డనివ్వమంటే పక్కింటి ఆవిడ ఏం చేయాలి? “తాగి ఉన్నవారికి బిడ్డను ఇవ్వను” అన్న ఒక్క వాక్యం ముందే రాసి, దాని కింద ఆ తండ్రి కూడా సంతకం పెట్టి ఉంటే, ఆ రాత్రి ఆమె ధైర్యంగా నిలబడగలదు.

రాయకూడనివీ ఉన్నాయి. “ఏం జరిగినా నాకు సంబంధం లేదు” అని రాసుకుంటే అది చెల్లదు. నేరాన్ని ఒప్పందంతో మాఫీ చేయలేం. బిడ్డను చూసిన డబ్బును మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సులో కలపకండి. అప్పు కింద పని జమ కట్టడం మొదలైతే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాకా వెళ్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లతో ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతోంది. పన్నెండేళ్ల పిల్లకు నెలకింతని ఇచ్చి పసిబిడ్డను ఎత్తుకోమనడం అంతకంటే పెద్ద తప్పు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. ఆ పిల్ల బడిలో ఉండాలి.

స్టాంపు పేపరు కావాలా అని అడుగుతారు. కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట కూడా ఒప్పందమే, తెల్ల కాగితమూ ఒప్పందమే. కోర్టు దాకా వెళ్తే స్టాంపు సుంకం ప్రశ్న వస్తుంది గానీ, ఈ కాగితం కోర్టు కోసం రాసేది కాదు. రేపు సాయంత్రం మాట తేడా రాకుండా రాసుకునేది. రాయడం రాకపోతే ఇద్దరూ కలిసి కూర్చుని ఈ ఐదు సంగతులూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా చెప్పుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, తగిన ధ్రువీకరణ జత చేస్తే, అలాంటి రికార్డూ సాక్ష్యంగా పనికొస్తుంది.

అలాగని ప్రతి పక్కింటినీ ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించమని నేను అనను. ఇంగ్లండులో 2006 చట్టం ప్రకారం చిన్నపిల్లల్ని ఇంట్లో రోజుకు రెండు గంటలకు మించి ప్రతిఫలానికి చూసే మనిషి రిజిస్టరు కావాలి. 2009లో ఇద్దరు మహిళా పోలీసులు డ్యూటీలు మార్చుకుంటూ ఒకరి బిడ్డను ఒకరు చూసుకున్నారు. పైసా చేతులు మారలేదు. ఆ పరస్పర సాయమే ప్రతిఫలమని అక్కడి తనిఖీ సంస్థ తేల్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది, చివరికి అలాంటి స్నేహితులకు ప్రభుత్వం మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది. మన దగ్గర అంత అధికారం ఎవరి చేతికిచ్చినా ముందు మూతపడేది పేదరాలి ఇల్లే. నేను అడిగే కాగితం ఇద్దరు ఆడవాళ్ల మధ్యది. ఆఫీసుకు వెళ్లేది కాదు.

ఈ పని ఎవరు మొదలుపెట్టాలి? పొదుపు సంఘాలే. మీ దగ్గర మినిట్స్ పుస్తకం ఉంది, తీర్మానం రాసే అలవాటుంది, లెక్క తప్పితే నిలదీసే అలవాటూ ఉంది. సంక్రాంతి ముందు జరిగే సమావేశంలో ఒక తీర్మానం రాయండి: మన ఊళ్లో సీజన్‌లో పిల్లల్ని చూసే ఇళ్లేవి, రోజుకు కనీసం ఎంత ఇవ్వాలి, ఏ ఇంట్లో ఎంతమంది బిడ్డలు. ఒక పేజీ నమూనా రాసి జిరాక్స్ తీసి అంగన్‌వాడీ గోడకు అంటించండి. పైన పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అని పెద్ద అక్షరాల్లో రాయండి. గుడారాల్లో దిగిన వలస తల్లులకు కూడా చదివి వినిపించండి. న్యాయవాద మిత్రులారా, ఆ నమూనా సరిచూడటానికి మీరు ఫీజు తీసుకోకండి.

బిడ్డను చూసే మనిషికి ఇచ్చే డబ్బు దయ కాదు, కూలి. ఆ కూలికి, ఆ బిడ్డకు ఒక పేజీ రాసుకున్నాకే ఈ ఏడు కోతకు ఆటో ఎక్కండి.