బ్యాంకులు – కొత్త పోటీదారులు

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిననాడు, ఊరి వడ్డీవ్యాపారికి అది కొత్త పోటీగానే తోచియుండును. నేడు చేతిఫోనులో వ్యాపారము సాగించు ఆర్థిక సాంకేతిక సంస్థలను బ్యాంకులు అదే దృష్టితో చూచుచున్నవి. ఈ శంకలో న్యాయమెంత, భయమెంత అన్నది విచారింపదగిన విషయము.

మొదట చెల్లింపుల సంగతి చూతము. యూపీఐ పద్ధతి 2016లో వచ్చినది. దానిని నడపు జాతీయ చెల్లింపుల సంస్థలో వాటాదారులు ప్రధానముగా బ్యాంకులే. అయినను ఆ బాటను ఎక్కువగా వాడుకొన్నవి ఫోన్‌పే, గూగుల్ పే వంటి సంస్థలు. కూరల అంగడిలో మనము ఇరువది రూపాయలు చెల్లించునపుడు ఆ సంస్థ మన ఆజ్ఞను చేరవేయును. సొమ్ము మాత్రము ఒక బ్యాంకు ఖాతానుండి మరియొక ఖాతాకు పోవును. లెక్క వ్రాయుట బ్యాంకు వంతు. ఖాతాదారుని పరిచయము సంస్థ వంతు. చెల్లింపు నడుమ నిలిచినచో జనులు బ్యాంకునే నిందింతురు. పైగా 2020 జనవరినుండి వర్తకులపై ఈ చెల్లింపుల రుసుమును ప్రభుత్వము తొలగించినది. కావున బ్యాంకుల ఫిర్యాదు నిరాధారము కాదు.

అట్లని ఖాతాదారుడు అకారణముగా తరలిపోలేదు. వరుసలలో నిలిచి, కాగితములు నింపి, మరునాడు రమ్మనిపించుకొని విసిగినవాడతడు. ఈ లోపమును దిద్దుకొనవలసినది బ్యాంకులే.

అప్పుల విషయము మరింత గంభీరమైనది. సంస్థలకు వేగము కలదు. బ్యాంకులకు డిపాజిట్ల బలము కలదు. అందువలన రెండును చేతులు కలుపుచున్నవి. కాని 2020 చివర తెలంగాణలో ఫోను అప్పుల వసూలుదారుల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. 2022లో రిజర్వు బ్యాంకు, అప్పు సొమ్ము ఋణదాతనుండి నేరుగా ఋణగ్రహీత ఖాతాకే చేరవలెననియు, తిరిగి చెల్లింపు నేరుగా ఋణదాతకే పోవలెననియు శాసించినది. 2023లో, మధ్యవర్తి సంస్థ ఇచ్చు నష్టపు హామీ ఆ అప్పుల మొత్తములో నూటికి 5 వంతులు మించరాదనినది. అనగా బాకీ మునిగినచో అధికభారము అప్పిచ్చినవానిదే.

ఇందలి నీతి స్పష్టము. బ్యాంకు వేగమును అరువు తెచ్చుకొనవచ్చును. బాధ్యతను మాత్రము ఇతరులకు అప్పగింపరాదు. అప్పు తీసికొనువారును, ఋణదాత యెవరు, ఏడాదికి మొత్తము ఖర్చెంత అను రెండు ప్రశ్నలకు వ్రాతమూలకముగా సమాధానము పొందిన పిమ్మటనే అంగీకరించుట మేలు.