రాత కన్నా ముందు రివాజు
(పలాసలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టమంటే కాగితం మీద ఉన్నదేనని మనం బడిలో చదువుకున్నాం. ఉద్దానం ఒడ్డున ఏ గంగపుత్రుడిని అడిగినా వేరే మాట చెబుతాడు. పడవ ఎక్కడ లాగాలి, వల ఎక్కడ ఆరబెట్టాలి అన్నది ఏ దస్తావేజులోనూ లేదు. ఊరి కట్టుబాటులో ఉంది. దేశాల మధ్య న్యాయమూ అంతే. అంతర్జాతీయ న్యాయస్థానం శాసనంలోని 38వ అధికరణ ఒప్పందాన్నీ, ఆచారాన్నీ రెండింటినీ గుర్తించింది.

1898 యుద్ధంలో అమెరికా నౌకాదళం క్యూబా చేపల పడవలు రెండు పట్టుకుంది. వాటిని కాపాడే ఒప్పందమేదీ లేదు. అయినా ఆ పట్టివేత చెల్లదని 1900లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. తీరంలో వేటాడి బతికే పేదల పడవలను యుద్ధంలోనూ ముట్టకూడదన్నది శతాబ్దాల ఆచారమంది. ఒప్పందం సంతకం పెట్టినవారినే కట్టడి చేస్తుంది. ఆచారం సంతకం పెట్టనివారినీ కట్టడి చేస్తుంది. ఒప్పందం వచ్చినా ఆచారం చావదని 1986 నికరాగ్వా తీర్పు చెప్పింది.

మరి మనవాళ్ల సంగతేమిటి? 2018 నవంబరులో గుజరాత్ పడవల మీద కూలికెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది వాఘా దాటి వచ్చింది 2020 జనవరిలో. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక, ఆర్థిక మండలిలో చేపల వేట తప్పుకు, వేరే ఒడంబడిక లేకుంటే, జైలు వేయకూడదని 1982 సముద్ర న్యాయ ఒప్పందం 73వ అధికరణ అంటోంది. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దాన్ని ఆమోదించాయి. కానీ సర్ క్రీక్ దగ్గర సముద్రంలో గీతే తేలలేదు. గీత లేని నీటిలో కూలివాడే నేరస్తుడు! జాతీయత తేలి, శిక్ష పూర్తయితే నెలలో పంపాలన్న 2008 ఒప్పందమూ ఉంది. రాతకు కొదవ లేదు, దాన్ని నడిపించే అలవాటే లేదు.

ఇంట్లోనూ ఇదే కథ. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రత్యేక హోదా అన్నారు. అది మాట. విభజన చట్టం 46వ సెక్షన్‌లో ఉత్తర కోస్తాకు ప్రత్యేక ప్యాకేజీ అన్నారు. అది రాత. అడిగే గొంతు బలంగా లేకపోతే మాటా మిగలదు, రాతా మిగలదు. అందుకే మనం సొంత రాష్ట్రం అడుగుతున్నాం.

విద్యార్థులకు ఒక పని చెబుతున్నాం. 2023లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. భావనపాడు నుంచి బారువ దాకా ఊరూరా తిరగండి. ఒడ్డు కట్టుబాట్లను పెద్దల నోట విని రాయండి. రేపు కోర్టులో ఆచారాన్ని రుజువు చేయాల్సింది మనమే.